పక్క సీటు ఖాళీగా ఉంటేనే వచ్చే మైలేజీ

రేముస్ దుమిత్రాష్ బతుకంతా కారు నడిపాడు కానీ ఎక్కడికీ వెళ్లలేదు. ఇందులో వేదాంతం వెతక్కండి, అది ఆయన ఉద్యోగం. పితేష్టి ఊరి చివర కార్ల పరీక్షశాల ఉంది. పొద్దున్నే వెళ్లి, కిటికీల్లేని హాల్లో, నేలలో అమర్చిన ఇనప రోలర్ల మీద నిలబెట్టిన కారెక్కి కూర్చునేవాడు. కారుని పట్టీలతో నాలుగువైపులా బిగించేవాళ్లు. చక్రాలు తిరిగేవి, వాటి కింద రోలర్లు తిరిగేవి, కారు మాత్రం అంగుళం కదిలేది కాదు. ఎదురుగా ఒక పెద్ద ఫ్యాను గాలి కొట్టేది. తెరమీద ఒక గీత పాకుతూ పోయేది: ఇప్పుడింత వేగం, ఇప్పుడు ఆగు, ఇప్పుడు మళ్లీ బయల్దేరు. ఆ గీత మీంచి జారకుండా నడపడమే పని. వెనక గొట్టంలోంచి వచ్చే పొగని పట్టి, దాన్నిబట్టి బండి ఎంత పెట్రోలు తాగిందో తేల్చేవాళ్లు. కారు అమ్మేటప్పుడు కాగితం మీద అచ్చయ్యే నంబరు అదే. వంద కిలోమీటర్లకి ఇన్ని లీటర్లు; ఎంత తక్కువైతే అంత గొప్ప.

చూడ్డానికి తేలికే. కొత్తగా చేరిన కుర్రాళ్లు కూర్చుంటే తెలిసొచ్చేది. పెడలు మీద కాలు ఒక్క పిసరు వణికితే గీత దాటిపోతుంది, పరీక్ష మళ్లీ మొదటికొస్తుంది. రేముస్ కాలు వణికేది కాదు. హాల్లో దానికి ‘వెన్న కాలు’ అని పేరు. ఇంజనీర్లు మారారు, మోడళ్లు మారాయి, పరీక్ష నిబంధనలు కూడా మారి కాస్త కఠినమయ్యాయి. వెన్న కాలు మారలేదు.

రిటైరయ్యేముందు ఆయన ఆఖరుగా రోలర్ల మీద నడిపిన మోడల్‌కి నాలుగు పాయింట్ తొమ్మిది వచ్చింది. రిటైరయ్యాక ఆయన కొనుక్కున్నదీ ఆ మోడలే, బూడిదరంగుది. ఎవరు అడిగినా “ఆ నంబరు నా కాలే” అనేవాడు. చర్చి ఫాదర్ వచ్చి కారుమీద మంత్రజలం చల్లి, అద్దానికి చిన్న శిలువ వేలాడదీస్తే, ఆ శిలువ బరువు ఎంతుంటుందో అని చేత్తో ఎత్తి చూసిన మనిషి రేముస్.

ఆ కారు ఏడున్నర తాగింది.

మొదటివారం కొత్త బండి కదా అనుకున్నాడు. రెండో నెల పెట్రోలు బంకుని అనుమానించాడు. మూడో నెలకి ఆ విషయం ఎత్తడమే మానేశాడు. ఎత్తేది పక్కింటి గేలు. రేముస్ మాట నమ్మి అదే మోడల్ ఎర్రది కొన్నవాడు, మాంసం కొట్టు నడుపుతాడు, గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది.

“ఒరేయ్ రేముస్! నీ కాలికో దండంరా నాయనా. నాలుగు పాయింట్ తొమ్మిదన్నావు. నాది ఎనిమిది తాగుతోంది. ఆ మిగతా మూడు లీటర్లూ నీ ఇంటికేమైనా వస్తున్నాయా?”

“యాక్సిలరేటర్ మీద కాలు పెట్టమన్నార్రా, ఎక్కి నిలబడమన్లేదు. నువ్వు బండి నడుపుతున్నావా, పందిని కోస్తున్నావా?”

“సరే, మరి వెన్న కాలు బండి ఎంత తాగుతోందో సెలవియ్యి.”

రేముస్ వాకిట్లో ఆకులు ఊడవడంలో మునిగిపోయాడు. ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చాడు.

ఇక్కడ కంపెనీలు మోసం చేస్తున్నాయని గుండెలు బాదుకునే వ్యాసం ఒకటి రాయొచ్చు. పేపర్లలో వారానికొకటి వస్తూనే ఉంటుంది. పాతకాలం బండ్లే మేలని నిట్టూర్చే పెద్దమనుషులకీ కొదవలేదు; పాతకాలం బండి పదకొండు తాగేదన్న సంగతి వాళ్లకి గుర్తుండదు. రేముస్‌కి ఈ రెండు రకాల వాళ్లన్నా ఒళ్లుమంట. ఆ నంబరులో అబద్ధం లేదని ఆయనకి తెలుసు. అది స్టూడియోలో దిగిన ఫోటో. మొహం మనదే. కానీ అలా తల దువ్వుకుని, అలా గడ్డం ఎత్తి, అలా ఊపిరి బిగబట్టి ఎవరూ వీధిలో నడవరు. అందరి ఫోటోలూ ఒకే వెలుతురులో తీస్తేనే కదా ఏది ఎవరికంటే మెరుగో చెప్పగలిగేది. అందుకని హాల్లో వాన పడదు, ఎదురుగాలి లేదు, కొండ లేదు, గతుకుల్లేవు. కారు రాత్రంతా ఇరవైమూడు డిగ్రీల వెచ్చదనంలో నిద్రపోయాకే పరీక్ష. ఏసీ ఆపాలి. కిటికీలు మూయాలి.

ఇవన్నీ తెలిసిన మనిషే. మరెందుకు ఉడికిపోయాడంటే, తెలియడం వేరు, అది తన కాలు కావడం వేరు. వందమంది డ్రైవర్లకి ఏడున్నర వస్తే అది రోడ్డు తప్పు. తనకి వస్తే అది తన తప్పు.

ఆ తప్పుకి కారణం ఆయనకి పక్క సీట్లోనే కనబడింది. ఆ కారణం పేరు సవేతా. ఆయన భార్య.

సవేతా చెల్లెలు అగ్లాయ ఆర్జెష్ లోయలో పైకెళ్తే వచ్చే బ్రదేత్సెల్ అనే ఊళ్లో ఒంటరిగా ఉంటుంది. వేసవి పోతూ పోతూ ఆమె పెరట్లో అక్రోటు కాయలు ఏరుతూ జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. అప్పట్నుంచీ ప్రతి శనివారం అక్కాబావా వెళ్లి రావడం. సవేతా బయల్దేరిందంటే డిక్కీలో వంకాయ పచ్చడి సీసాలు, ఉడికించిన చిక్కుళ్లు, బ్రెడ్డు, పంది కొవ్వు, పాత దుప్పట్లు. తిరుగు ప్రయాణంలో అగ్లాయ ఊరుకోదు కనక బంగాళదుంపల బస్తా, ఆపిల్ పళ్లు. కారు పైన ఇనప క్యారియర్, ఎప్పుడో అల్మరా తేవడానికి బిగించింది, అలాగే ఉండిపోయింది. దారంతా కొండెక్కడమే. కిటికీ అంగుళం తెరిస్తే గాలి తగిలి మెడ పట్టేస్తుందని ఆ దేశమంతా గట్టిగా నమ్ముతుంది. సవేతా ఇంకా గట్టిగా నమ్ముతుంది. అందుకని అద్దాలు మూసి, అవి మసకబారితే ఏసీ పెట్టి, నడుం కింద సీటు వెచ్చగా ఉండే స్విచ్చి నొక్కి కూర్చుంటుంది.

దీనికి తోడు రోడ్డు పక్కన చెయ్యెత్తేవాళ్లు. బస్సులు సరిగ్గా తిరగని ఆ లోయలో మనుషులు అరచెయ్యి కిందికి ఊపుతూ నిలబడతారు. ఎవరి బండి ఆగితే వాళ్ల బండెక్కుతారు. చెయ్యి కనబడగానే సవేతా అంటుంది, “ఆపవయ్యా, పాపం ముసలావిడ.” లేదా, “ఆపవయ్యా, పాపం చంటిపిల్లతో ఉంది.” లేదా ఏమీ తోచకపోతే, “ఆపవయ్యా, పాపం.”

రేముస్ ఆపేవాడు. నిండు బండిని కొండ మీద ఆపి మళ్లీ కదిలించడమంటే ఎంత పెట్రోలో ఆయన కాలికి తెలుసు. పైకెళ్లేటప్పుడు అద్దం కింద తెరమీద తొమ్మిది చూపించేది. దిగేటప్పుడు ఆరు. ఎవరైనా అడిగితే దిగేటప్పటి నంబరు చెప్పేవాడు.

అక్టోబరు చివర్లో రేముస్ ఒక నిశ్చయానికొచ్చాడు. హాలు రోడ్డు మీదికి రాకపోతే రోడ్డునే హాలుగా మార్చాలి. క్యారియర్ ఊడదీశాడు. డిక్కీలోంచి గొడుగులూ పాత బూట్లూ పెట్రోలు డబ్బా తీసి బయటపెట్టాడు. టైర్లలో గాలి కొలిచి కొట్టించాడు. సవేతా సీటు స్విచ్చికి కనెక్షన్ తీసేశాడు.

“సీటు వేడెక్కట్లేదేంటి?”

“పాడైపోయిందేమో.”

“కొత్త కారు కదా?”

“కొత్తవే ముందు పాడవుతాయి.”

ఆవిడ చలికోటు మడిచి నడుం కింద పెట్టుకుంది. కానీ అదే వారం ఇంకో మాట వచ్చింది. తుంటి విరిగినవాళ్లు కిందికి కూర్చుంటే లేవలేరు, ఎత్తు కుర్చీ కావాలి. సవేతావాళ్ల అమ్మ కూర్చున్న చేతుల కుర్చీ ఇంట్లో ఉంది, ఎత్తుగా, గట్టిగా. దాన్ని పైకి తీసుకెళ్దామంది.

“దేంట్లో పెడతావు? డిక్కీలో పట్టదు.”

“పైన కట్టు. క్యారియర్ ఉందిగా.”

“తీసేశాను.”

“మళ్లీ పెట్టు.”

“సవేతా, ఆ కుర్చీని పైన కట్టామంటే గాలికెదురుగా గోడ మోసుకెళ్తున్నట్టే. తెలుసా నీకు?”

“నాకు తెలీదు. నా చెల్లెలికి లేవడానికి కావట్లేదని తెలుసు.”

“వసంతంలో చూద్దాంలే.”

అది అన్నవాడికి చిన్నమాటే. విన్నవాళ్లకి కాదు.

ఇంతలో చలి వచ్చింది. చల్లటి ఇంజిను మొదటి పది కిలోమీటర్లు తాగినట్టు ఇంకేదీ తాగదు. హాల్లో బండి వెచ్చగా నిద్రపోయేదన్న సంగతి రేముస్‌ని పట్టి పీడించింది. నవంబరు మధ్యలో ఆయన గ్యారేజి తలుపు సందులు నురగరబ్బరుతో మూసి, లోపల ఒక కరెంటు హీటరు పెట్టాడు. దానికయ్యే కరెంటుకి ఎంత పెట్రోలొస్తుందో వెన్న కాలికి లెక్క తెలియక కాదు. ఆయనకి కావలసింది పెట్రోలు కాదు, నంబరు.

గ్యారేజిలో బండితోపాటు ఇంకొకటి నిద్రపోతోంది: క్యాబేజీ పీపా.

ఆ దేశంలో శీతాకాలం ముందు ఏ ఇంటావిడైనా క్యాబేజీలు ఉప్పునీళ్లలో ఊరేస్తుంది. క్రిస్మసుకి ఆ పులిసిన ఆకుల్లో మాంసం చుట్టి సర్మాలె వండితేనే పండగ. పీపాని చలిచోట పెట్టాలి. వేడి తగిలితే ఆకు మెత్తబడి, జారిపోయి, కంపు కొడుతుంది. ఇది పిల్లలకి కూడా తెలుసు. రేముస్‌కీ తెలుసు. కానీ గ్యారేజిలోకి వెళ్లిన ప్రతిసారీ ఆయన కళ్లకి ఇంజిను ఉష్ణోగ్రత ఒక్కటే కనబడింది.

ఒక బుధవారం సవేతా నాలుగు ఆకులు తీద్దామని పీపా మూత ఎత్తింది. మూత దించింది. వంటింట్లోకొచ్చి, చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, అప్పుడంది.

“రేముస్, గ్యారేజిలో ఎందుకంత వెచ్చగా ఉంది?”

ఆయన చెప్పాడు. ఇంజిను, మొదటి పది కిలోమీటర్లు, ఇరవైమూడు డిగ్రీలు. చెబుతుంటే తన గొంతు తనకే పలచబడినట్టు వినిపించింది.

“అంటే ఇంజినుకి చలేస్తుందని హీటరు పెట్టావు.”

“చలేయడం కాదు, ఆయిలు...”

“నా సీటు కింద వెచ్చదనం ఆపేశావు. పాడైంది అన్నావు. పాడవలేదు, తీసేశావు. మొన్న గేలు పెళ్లాం చెప్పింది, ఈ కారుకి అది పాడవదని. సరే, నన్ను పక్కనపెట్టు. ఇన్నేళ్ల కాపురంలో నా కాళ్లు చల్లబడుతున్నాయని నువ్వు ఎప్పుడైనా ఒక హీటరు పెట్టావా? క్యాబేజీ పోయింది, పోనీ. అది నా చెల్లెలి క్రిస్మసు కూడా. కుర్చీ వద్దన్నావు, పోనీ. ఇంక నీ కారులో నేనెక్కను.”

“సవేతా...”

“కోపం కాదయ్యా. నీకు నంబరు తగ్గుతుంది. ఇద్దరికీ మంచిదే.”

సవేతా అరిచే మనిషైతే రేముస్ నెగ్గుకొచ్చేవాడు. ఆవిడ అరవలేదు. శనివారం పొద్దున్నే రెండు సంచులు పట్టుకుని మినీబస్సు ఎక్కడానికి నడిచి వెళ్లిపోయింది. మంచు సన్నగా పడుతోంది. రేముస్ వెనకాలే వెళ్లి సంచులు అందుకోబోయాడు.

“వద్దులే, బరువు పెరుగుద్ది,” అంది.

మొండితనానికి కూడా ఒక దారి ఉంటుంది, దాన్ని చివరిదాకా నడిస్తే తప్ప మనిషి వెనక్కి తిరగడు. ఆ తర్వాతి శనివారం ఆవిడ మినీబస్సుకి వెళ్లగానే రేముస్ ఒంటరిగా కారు తీశాడు. ఖాళీ డిక్కీ, ఖాళీ సీట్లు. క్యారియర్ లేదు, ఏసీ లేదు, సీటు వేడీ లేదు. ఊరు దాటి, లోయలోకి మలుపు తిరిగి, గీత మీద నడిపినట్టు నడిపాడు. ఎక్కడా గట్టిగా తొక్కలేదు, ఎక్కడా బ్రేకు వెయ్యలేదు. అరచేతులు ఊపుతూ నిలబడ్డవాళ్లు అద్దంలో చిన్నవాళ్లయిపోయారు. ఒకావిడ చేతిలో బాతు కూడా ఉంది. బాతుకీ కొంత బరువుంటుంది అనుకున్నాడు.

బ్రదేత్సెల్ చేరేసరికి తెరమీద ఐదు పాయింట్ ఆరు. ఎక్కుడు దారిలో ఐదు పాయింట్ ఆరు! ఇంజిను ఆపి ఆ అంకెల్ని కాసేపు చూస్తూ కూర్చున్నాడు. ఎవరికైనా చెప్పాలి. పక్కకి తిరిగాడు. సీటు మీద సీటు బెల్టు తప్ప ఏమీ లేదు.

అగ్లాయ చేతికర్రతో తలుపు తీసింది. ఆయన వెనకాల చూసింది, కారు వెనకాల చూసింది.

“బావా, అక్కేది?”

“మినీబస్సులో వస్తోంది.”

“నువ్వు కార్లో, అదేమో మినీబస్సులో. ఏమైనా ఊరేగింపా?”

“ఐదు పాయింట్ ఆరు వచ్చింది, అగ్లాయా. కొండెక్కుతూ.”

“ఏం తెచ్చావు?”

రేముస్ చేతులు ఖాళీ. ఏదో ఒకటి తేవాలన్న ఆలోచనే రాలేదు.

“ఆ నంబరే తెచ్చావా? సరే, ఇలా ఇయ్యి, పొయ్యి మీద పెడతాను. ఉప్పేసి ఉడికిస్తే ఇద్దరికి సరిపోద్దేమో.”

ఆయన నవ్వబోయాడు. అగ్లాయ బల్ల అంచు పట్టుకుని కూర్చోబోయింది. కుర్చీ పొట్టిది. సగం దాకా వంగి, నొప్పికి పళ్లు బిగించి, ఇక వంగలేక మళ్లీ లేచి నిలబడింది. “నిలబడే తింటున్నాలే ఈమధ్య,” అంది మామూలుగా. “గుర్రంలాగా.”

గంట తర్వాత సవేతా వచ్చింది. మినీబస్సులో నిలబడే ప్రయాణం చేసిందిట. ముగ్గురూ చిక్కుళ్లు తిన్నారు.  తిరిగెళ్లేటప్పుడు ఆయన కారు తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. సవేతా మర్యాదగా, “నువ్వెళ్లవయ్యా, చీకటి పడుద్ది,” అంది.

డిసెంబరు ఆరున సెయింట్ నికొలాయ్ పండగ. పిల్లలు బూట్లు తుడిచి గుమ్మంలో పెడితే తెల్లారేసరికి వాటిలో మిఠాయిలుంటాయి. ఆ రోజు పరీక్షశాలవాళ్లు కుటుంబాల్ని పిలిచి హాలు చూపిస్తారు. ఇప్పుడు ఆ హాలు నడిపేది ఒతీలియా అనే ఇంజనీరు. రేముస్ దగ్గర పెడలు పట్టుకోవడం నేర్చుకున్న పిల్ల. ఆవిడే ఫోన్ చేసింది.

“బాబాయ్, వెన్న కాలు ఒకసారి చూపించాలి. పిల్లలకి. కొత్త కుర్రాళ్లు నడపడం చూస్తే గుర్రబ్బండి నయమనిపిస్తోంది. పిన్నిని కూడా తీసుకురా. ఇన్నేళ్లలో ఒక్కసారీ రాలేదట, సిగ్గుండాలి నీకు.”

సవేతా వచ్చింది. అయితే గేలు కారులో, గేలు పెళ్లాం పక్కన కూర్చుని. అదే మోడలు, ఎర్రది. దిగుతూ గేలు కేకేశాడు: “మా ఎర్రదాంట్లో సీటు వెచ్చగా ఉంటుంది లేరా రేముస్, దిగులు పెట్టుకోకు!”

హాలు ఆయన వదిలి వచ్చినట్టే ఉంది. అదే ఫ్యాను, అవే రోలర్లు, అదే వెలుతురు, పొద్దూ మాపూ లేని వెలుతురు. పట్టీలతో కట్టేసిన తెల్లకారు. పిల్లలు రోలర్ల చుట్టూ మూగారు. సవేతా చేతిసంచి రెండు చేతుల్తో పట్టుకుని, చర్చిలో నిలబడినట్టు నిలబడింది. తర్వాత మెల్లగా కారు చుట్టూ తిరిగింది.

“ఇక్కడేనా?”

“ఇక్కడే.”

“రోజూనా?”

“రోజూ.”

“కిటికీ లేదే.”

“లేదు.”

“మరి బయట వానొస్తోందో మంచొస్తోందో నీకెలా తెలిసేది?”

“ఇంటికొచ్చాక నువ్వు చెప్పేదానివిగా,” అన్నాడు రేముస్.

నిజమే. రోజూ సాయంత్రం తలుపు తియ్యగానే సవేతా ఆ రోజు వాతావరణం చెప్పేది. ఆయన “ఊఁ” అనేవాడు. ఎందుకు చెబుతోందో ఆవిడకి తెలియదు, ఎందుకు వింటున్నాడో ఆయనకీ తెలియదు. తనకి వాతావరణమంటే ఇష్టమని ఆవిడ అనుకుంది.

“పక్క సీట్లో ఎవరు కూర్చునేవాళ్లు?”

“ఎవరూ కూర్చోకూడదు. నిబంధన.”

“మాట్లాడ్డానికి?”

“గీత వస్తుంటే మాటేంటి?”

సవేతా ఖాళీ సీటుని అద్దంలోంచి చూసింది.  అప్పుడు ఒతీలియా వైపు తిరిగి, “అమ్మాయ్, నేను కూర్చోవచ్చా? ఊరికే,” అంది.

“ఇవాళ పరీక్ష కాదు పిన్నీ, ఆట. నిక్షేపంగా కూర్చో. బెల్టు మాత్రం పెట్టుకో, బాబాయి డ్రైవింగు,” అని నవ్వింది ఒతీలియా.

సవేతా ఎక్కింది. రేముస్ చేతులు స్టీరింగు మీద పెట్టాడు. తన కారులో ఎక్కనన్న మనిషి పక్కన కూర్చుంది. ఇది తన కారు కాదు, ఎక్కడికీ వెళ్లేది కాదు.  ఫ్యాను మోగింది. గీత పాకడం మొదలైంది.

మొదట్లో అంతా సవ్యంగానే నడిచింది. కాలు కదిలిందో లేదో తెలియదు, తెరమీద బండి వేగం చూపే ముల్లు మాత్రం గీత మీద అతుక్కుని పోయింది. బయట పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. సవేతా కూడా చూసింది, తెరని కాదు, ఆయన కాలిని. బూటులో ఆ కాలు ఊపిరి తీసినంత మెల్లగా కదులుతోంది. ఆ కాలికి ఎన్నిసార్లు సాక్సు కుట్టిందో ఆవిడకి గుర్తులేదు. ఆ కాలు చేసే పని చూడ్డం ఇదే మొదలు.

“ఎంత నెమ్మదిగా తొక్కుతావయ్యా,” అంది. వెక్కిరింత లేదు అందులో.

తర్వాత ఆవిడ చెయ్యి చాచి తన సీటు స్విచ్చి నొక్కింది. చిన్న దీపం వెలిగింది. రేముస్ చూశాడు. ఆయన చెయ్యి అలవాటుగా దాని వైపు వెళ్లబోయి స్టీరింగు మీదే ఆగిపోయింది.

“వెచ్చబడుతోందా?” అన్నాడు.

“ఇప్పుడిప్పుడే.”

“నడుముకా, కాళ్లకా? నొప్పి ఎక్కడ?”

“నడుముకి. చాలా ఏళ్లనుంచే. కిందవైపు.”

“చెప్పలేదే.”

“చెప్పాను. నువ్వు గీత చూస్తున్నావు.”

ఆయన పక్కకి తిరిగి ఆవిడ మొహం చూశాడు. తెరమీద గీత కొండలా పైకి లేచింది, ముల్లు కిందే ఉండిపోయింది. ఉలిక్కిపడి తొక్కాడు, ముల్లు గీత దాటి పైకెగిరింది. తెర ఎర్రబడింది. పిల్లలు చప్పట్లు కొట్టారు, అదే ఆట అనుకుని.

మైకులో ఒతీలియా గొంతు: “బాబాయ్! గీత దాటావు! నువ్వేనా? కళ్లు తిరిగాయా?”

“ఆగవయ్యా, ఆపు,” అంది సవేతా. చెయ్యి కిందికి ఊపుతూ, లోయలో మనుషులు ఊపినట్టే. “అక్కడెవరో ముసలావిడ నిలబడింది.”

ఎదురుగా నిలబడింది గేలు పెళ్లాం. రేముస్‌కి నవ్వాగలేదు. నవ్వుతూ బ్రేకు మీద కాలు పెట్టాడు, గీత ఆగమనకపోయినా. రోలర్లు మూలుగుతూ నెమ్మదించాయి. నవ్వుతూనే తల స్టీరింగుకి ఆనించాడు. తల ఎత్తేసరికి కళ్లు తడిగా ఉన్నాయి. సవేతా చేతిసంచిలోంచి రుమాలు తీసి ఇచ్చింది.

దిగాక ఒతీలియా వెనక తెరమీద నంబరు చూసి పెదవి విరిచింది. “ఆరు పాయింట్ మూడు. బాబాయ్, నీ పరువు పోయింది.”

“విన్నావా గేలూ?” అని గేలు పెళ్లాం మొగుణ్ణి పొడిచింది. “హాల్లోనే ఆరు. పక్కన పెళ్లాం కూర్చుంటే.”

“నువ్వు కూర్చుంటే పది,” అన్నాడు గేలు.

బయట ఎర్రకారు దగ్గరికి నడుస్తున్న సవేతాని రేముస్ ఆపలేదు. తలుపు తీసి పట్టుకోలేదు కూడా. పక్కనే నడుస్తూ, “సీటు వైరు ఇవాళ కలుపుతాను. క్యారియర్ కూడా బిగిస్తాను. రేపు శనివారం మబ్బేస్తుందన్నారు కానీ మంచు పడదట, కుర్చీ తడవదు,” అన్నాడు.

వాతావరణం ఆయన చెప్పడం అదే మొదటిసారి.

సవేతా ఎర్రకారు తలుపు మీద చెయ్యి పెట్టి ఆగింది. “తాళ్లు మంచివి ఉన్నాయా? అది అమ్మ కుర్చీ. జారి పడితే ఊరుకోను.”

“ఉన్నాయి.”

“గేలు పెళ్లాం సగం క్యాబేజీలు ఇస్తానంది. బకెట్టులో పెట్టాలి. నీళ్లతో సహా. బరువే.”

“పెట్టు.”

శనివారం పొద్దున వీధిలో వాళ్లంతా చూశారు: బూడిదరంగు కారు, పైన నాలుగు కాళ్లూ ఆకాశానికెత్తి వెల్లకిలా పడుకున్న ముసలి కుర్చీ, వెనక సీట్లో పులిసిన క్యాబేజీ బకెట్టు, డిక్కీ మూత పడక తాడుతో కట్టేశారు. గేలు కొట్టు గుమ్మంలోకొచ్చి, “ఒరేయ్, ఇది కారా, ఇల్లు ఖాళీ చేస్తున్నారా? ఎంత తాగుద్దిరా ఇది?” అని అరిచాడు.

“తాగనీరా,” అన్నాడు రేముస్.

గాలి కుర్చీలో దూరి దారంతా ఈల వేసింది. కొండ మొదలయ్యాక ఇంజిను గొణిగింది. కారు నిండా క్యాబేజీ వాసన, అద్దాలు మసకబారాయి, ఏసీ పెట్టక తప్పలేదు. సవేతా బూట్లు విప్పి, కాళ్లు ముడుచుకుని, వెచ్చటి సీటులో సర్దుకుని, కిటికీలోంచి కొండల్ని చూస్తూ కూర్చుంది. రేముస్ తెరవైపు ఒకసారి చూశాడు. తొమ్మిది పాయింట్ నాలుగు. తప్పు లెక్కేం కాదు. కారులో ఉన్నదంతా అందులో ఉంది.

మలుపు దగ్గర రోడ్డు పక్కన ఎవరో ఒకావిడ నిలబడి ఉంది. చంకలో బాతు. చెయ్యి ఇంకా పూర్తిగా ఎత్తలేదు. సవేతా పెదవులు ‘ఆ’ అనడానికి విడివడ్డాయి.

కారు అప్పటికే నెమ్మదిస్తోంది.